ప్రోస్టేట్‌కు కరెంటు పెట్టే ముందు ఎంఆర్‌ఐ: ఏది, ఎప్పుడు, ఎక్కడ

ముక్క పరీక్షలో, అంటే బయాప్సీలో, ప్రోస్టేట్ కేన్సర్ అని తేలింది. ఆపరేషన్ వద్దనుకుని రేడియేషన్ వైపు, అంటే మన వాడుకలో కరెంటు పెట్టించుకోవడం వైపు మొగ్గారు. డాక్టరుగారు చీటీ మీద ‘ఎంఆర్‌ఐ ప్రోస్టేట్’ అని రాసిచ్చారు. అమలాపురంలోనో భీమవరంలోనో ఆ చీటీ పట్టుకుని స్కానింగ్ సెంటర్ మెట్లెక్కే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ చీటీ వెనక రెండు వేర్వేరు పనులున్నాయి. జబ్బు గ్రంథిలో ఎక్కడుంది, పైపొర దాటిందా లేదా అని చూసేది నిర్ధారణ స్కాన్. కిరణాలు ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో కంప్యూటర్లో గీత గీయడానికి తీసేది ప్లానింగ్ స్కాన్. మిషన్ ఒకటే కావచ్చు. పడుకునే బల్ల, పొట్ట తయారీ, బొమ్మల కోణం, తీసే రోజు మాత్రం వేరు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఒక్క స్కాన్‌కే డబ్బూ ఓపికా ఉంటే, హార్మోన్ ఇంజెక్షన్ పడకముందే నిర్ధారణ స్కాన్ పద్ధతిగా తీయించండి, దాని సీడీ భద్రంగా దాచుకోండి. రెండోదానికి వీలుంటే కరెంటు పెట్టే ఆసుపత్రిలోనే, వాళ్లు ప్లానింగ్ సీటీ తీసే రోజే తీయించుకోండి. పెద్ద మిషన్ కోసం హైదరాబాద్ పరుగెత్తడం, అవసరం తేలకుండా ఒళ్లంతా వెతికే పెట్ స్కాన్ తీయించుకోవడం చాలామందికి అక్కర్లేని ఖర్చు.

ఇంజెక్షన్‌కు ముందా, తర్వాతా

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజే ల్యూప్రోలైడ్, గోసెరిలిన్, డెగారెలిక్స్ లాంటి, మగ హార్మోన్‌ను తగ్గించి జబ్బును అణిచే హార్మోన్ ఇంజెక్షన్ వేయించేసుకుని, ఎంఆర్‌ఐ సంగతి నెల తర్వాత చూద్దాంలే అనుకుంటారు. ఇంజెక్షన్ తప్పు కాదు. కానీ అది పడ్డాక మూడు నెలల్లో ప్రోస్టేట్ పరిమాణం సుమారు మూడో వంతు వరకూ తగ్గుతుంది. మామూలుగా టీ2 అనే బొమ్మల్లో గ్రంథి అంచు భాగం తెల్లగా, జబ్బు ఉన్న చోటు నల్లగా కనిపిస్తుంది. మందు పనిచేయడం మొదలయ్యాక తెల్లగా ఉండాల్సిన భాగం కూడా నల్లబడిపోతుంది, జబ్బు గడ్డ చిన్నదైపోతుంది. దాంతో రెంటికీ మధ్య తేడా చెరిగిపోతుంది. పొర దాటిన జబ్బు వెనక్కి తగ్గి లోపలే ఉన్నట్టు కనబడవచ్చు. ఆ బొమ్మ చూసి గీత గీస్తే, అసలు జబ్బు పాకిన చోటు గీత బయట ఉండిపోయే ప్రమాదం ఉంది.

కాబట్టి ఇంజెక్షన్ రాసిన డాక్టరుగారిని నేరుగా అడగండి: “ఎంఆర్‌ఐ అయ్యాక వేయించుకోవచ్చాండీ? అంతవరకు ఆగితే ఇబ్బందేమైనా ఉందా?” చాలామందికి కొద్ది వారాల ఆలస్యం వల్ల నష్టం ఉండదు.

ఆగకూడని వాళ్లు కూడా ఉన్నారు. కాళ్లలో పట్టు తగ్గినా, నడుంనొప్పితో పాటు మూత్రం మీద, విరేచనం మీద అదుపు పోయినా, మూత్రపిండాలు ఉబ్బి క్రియాటినిన్ పెరుగుతున్నా, ఎముకలకు పాకి తీవ్రమైన నొప్పి ఉన్నా మందు ఆపి స్కాన్ కోసం చూడటం ప్రమాదం. కాళ్లు పట్టు తప్పినవాళ్లకు తీయాల్సింది ప్రోస్టేట్ ఎంఆర్‌ఐ కాదు, అదే రోజు వెన్నెముక ఎంఆర్‌ఐ.

ఇంజెక్షన్ అప్పటికే పడిపోతే కుంగిపోనక్కర్లేదు. బయాప్సీలో ఏ వైపు, ఏ భాగం నుంచి తీసిన ముక్కల్లో జబ్బు దొరికిందో రాసి ఉంటుంది. ఆ రిపోర్టు పూర్తి కాపీ రేడియేషన్ డాక్టరు చేతిలో పెడితే, చెరిగిన బొమ్మలోనూ ఎక్కడ వెతకాలో వాళ్లకు తెలుస్తుంది. జబ్బు తీవ్రతను చెప్పే ‘గ్లీసన్ 4+3’ అన్న ఒక్క వాక్యం ఉన్న డిశ్చార్జి చీటీ ఇందుకు సరిపోదు.

ముక్క తీశాక ఎన్నాళ్లు ఆగాలి

అసలు మంచి వరస ముందు ఎంఆర్‌ఐ, తర్వాత బయాప్సీ. ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్షలో పీఎస్ఏ పెరిగిందని తెలిసిన దశలోనే ఈ వ్యాసం చదువుతుంటే ఆ వరసే పట్టుకోండి. స్కాన్‌లో అనుమానంగా ఉన్న చోటికి సూది గురిపెట్టవచ్చు, రక్తపు మరకలు లేని శుభ్రమైన బొమ్మ రేడియేషన్‌కీ పనికొస్తుంది.

బయాప్సీ ముందే అయిపోతే కనీసం ఆరు వారాలు ఆగడం మంచిది. ప్రోస్టేట్ ద్రవంలో సిట్రేట్ ఎక్కువగా ఉంటుంది. అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది కాబట్టి సూది గుచ్చిన చోట కారిన రక్తం తొందరగా ఇంకిపోదు. ఆ మరక టీ2 బొమ్మలో నల్లగా, అచ్చం జబ్బులాగే కనిపిస్తుంది. అందుకే టీ1 అనే మరో రకం బొమ్మ కూడా తీస్తారు. అందులో రక్తం తెల్లగా మెరుస్తుంది కాబట్టి ఇది మరక, ఇది గడ్డ అని విడదీయొచ్చు. జబ్బు తీవ్రత ఎక్కువై ఆరు వారాలు ఆగలేకపోతే నాలుగో వారంలో తీయించినా తప్పులేదు, కానీ బయాప్సీ తేదీ స్కాన్ ఫారం మీద రాయించండి. ఆ తేదీ తెలియని రేడియాలజిస్టు మరకను గడ్డ అనుకోవచ్చు.

మూత్రం ధార సరిగా రాక గ్రంథి లోపలి భాగం గీకించుకుని, ఆ ముక్కల్లో అనుకోకుండా కేన్సర్ బయటపడినవాళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు. వాళ్ల గ్రంథి మధ్యలో గుంత ఉంటుంది, బొమ్మ వేరుగా ఉంటుంది. ఆపరేషన్ తేదీ, ఎన్ని గ్రాముల ముక్కలు తీశారు, వాటిలో ఎంత శాతంలో జబ్బుంది అన్న వివరాలు వెంట తీసుకెళ్లాలి.

సీటీ స్కాన్ చాలదా?

రేడియేషన్‌కు సీటీ ఎలాగూ తప్పదు. కిరణాల మోతాదు లెక్కకట్టడానికి ఒంట్లో ఏ భాగం ఎంత సాంద్రంగా ఉందో కావాలి, అది సీటీ నుంచే వస్తుంది. ఎంఆర్‌ఐ నుంచే ఆ లెక్క కట్టే పద్ధతులు కొన్ని పెద్ద కేంద్రాల్లో ఉన్నా, మామూలుగా రెండూ కావాలి. “సీటీ తీశాం కదా, మళ్లీ ఎంఆర్‌ఐ ఎందుకు?” అని ఇంట్లో అడిగేవాళ్లకు చెప్పాల్సిన జవాబు ఇది.

ప్రోస్టేట్ మామూలుగా పెద్ద ఉసిరికాయంత ఉండి, పైన మూత్రాశయానికీ వెనక పురీషనాళానికీ ఆనుకుని ఉంటుంది. సీటీలో ఈ మూడూ ఇంచుమించు ఒకే బూడిదరంగు. ముఖ్యంగా గ్రంథి కింది కొస ఎక్కడ ఆగిందో, మూత్రాన్ని ఆపే కండరం ఎక్కడ మొదలైందో తేలదు. అనుభవం ఉన్న డాక్టరు కూడా సందేహం వచ్చినచోట గీత కాస్త పెద్దదిగానే గీస్తారు. అందుకే సీటీ మీద గీసిన ప్రోస్టేట్, ఎంఆర్‌ఐ మీద గీసినదానికంటే సుమారు 30 శాతం పెద్దదిగా వస్తుందని పాత అధ్యయనాలు చూపించాయి. ఆ అదనపు భాగం పురీషనాళం ముందు గోడ, మూత్రాశయం మెడ, పురుషాంగం మొదలు. తర్వాత మలంలో రక్తం, మూత్రంలో మంట, అంగస్తంభన సమస్యలు పుట్టేది అక్కడి నుంచే.

ఎంఆర్‌ఐ చేసే మరో మేలు, గడ్డ కచ్చితంగా ఎక్కడుందో తెలిస్తే అక్కడ మాత్రం మోతాదు పెంచవచ్చు. నెదర్లాండ్స్, బెల్జియంలలో 571 మందితో జరిపిన ఫ్లేమ్ అధ్యయనం 2021లో వెలువడింది. గ్రంథి మొత్తానికి 35 విడతల్లో 77 గ్రే (గ్రే అంటే కిరణాల మోతాదు కొలత) ఇస్తూ, ఎంఆర్‌ఐలో కనిపించిన గడ్డకు 95 గ్రే వరకు పెంచారు. అయిదేళ్ల తర్వాత పీఎస్ఏ మళ్లీ పెరగకుండా ఉన్నవాళ్లు మామూలు పద్ధతిలో 85 శాతం అయితే, గడ్డకు పెంచినవాళ్లలో 92 శాతం. దుష్ఫలితాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు, ఎందుకంటే పురీషనాళానికి పరిమితి దాటేలా ఉంటే పెంచడం అక్కడే ఆపేయాలన్నది వాళ్ల నియమం. కనిపించని గడ్డకు మోతాదు పెంచడం కుదరదు. ఇంజెక్షన్‌కు ముందు స్కాన్ అని మేం ఇంత గట్టిగా చెప్పడానికి పెద్ద కారణం ఇదే.

రంగు మందుతోనా, లేకుండానా

స్కానింగ్ సెంటర్లో రెండు ప్యాకేజీలు చెబుతారు. పూర్తి స్కాన్‌లో టీ2, నీటి కదలికను చూసే డిఫ్యూజన్ బొమ్మలు, గడోలినియం అనే రంగు మందు ఇంజెక్షన్ ఇచ్చి వరసగా తీసే బొమ్మలు ఉంటాయి. ముప్పై నుంచి నలభై అయిదు నిమిషాలు పడుతుంది. పొట్టి స్కాన్‌లో గడోలినియం ఉండదు, పావుగంట ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

మొదటిసారి వైద్యానికి వెళ్తున్నవాళ్లకు రంగు మందు లేని స్కాన్ చాలావరకు సరిపోతుంది. అంచు భాగంలో గడ్డను పట్టేది ముఖ్యంగా డిఫ్యూజన్ బొమ్మ, మధ్య భాగంలో టీ2 బొమ్మ. రంగు మందు అటూ ఇటూ తేలని గడ్డల విషయంలో మొగ్గు చూపడానికి పనికొస్తుంది. జబ్బును కనిపెట్టడంలో మందు లేని స్కాన్ వెనకబడలేదని 2025లో వెలువడిన ప్రైమ్ అధ్యయనం చూపింది. ఒక్క షరతు ఉంది. బొమ్మలు నాణ్యంగా ఉండాలి. మందు లేనప్పుడు డిఫ్యూజన్ బొమ్మ చెడితే ఆదుకోవడానికి మరొకటి ఉండదు.

ఆపరేషన్ అయ్యాకో, ఒకసారి కరెంటు పెట్టాకో జబ్బు తిరగబెట్టిందన్న అనుమానంతో తీసే స్కాన్‌కు మాత్రం రంగు మందు కావాలి. మూత్రపిండాల పనితీరు కొలత (ఈజీఎఫ్ఆర్) 30 కంటే తగ్గినవాళ్లు మందు అవసరమా అని ముందే చర్చించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లు గడోలినియం కోసం మెట్‌ఫార్మిన్ మానాల్సిన పని సాధారణంగా ఉండదు. ఆ జాగ్రత్త సీటీలో ఇచ్చే అయోడిన్ మందుది. ఈ రెండూ కలగలిపి చెప్పేవాళ్లు చాలామంది, దాంతో అనవసరంగా షుగర్ పెరిగిపోతుంది.

1.5 టెస్లా, 3 టెస్లా

టెస్లా అంటే మిషన్ అయస్కాంత బలానికి కొలత. 3 టెస్లాలో బొమ్మ మరింత స్పష్టంగా వస్తుంది, నిజమే. కానీ ప్రోస్టేట్ స్కాన్‌ల అంతర్జాతీయ ప్రమాణమైన పైరాడ్స్ రెంటినీ ఒప్పుకుంటుంది. పద్ధతి తెలిసిన సిబ్బంది 1.5 మీద తీసిన స్కాన్, హడావుడిగా 3 మీద తీసినదానికంటే ఎన్నో రెట్లు నయం. తుంటి కీలు మార్పించుకున్నవాళ్లకైతే 1.5 మేలు. లోహం చుట్టూ బొమ్మ వంకరపోవడం అయస్కాంత బలంతో పాటు పెరుగుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కూడా, అది ఎంఆర్‌ఐకి అనుమతి ఉన్న రకమైతే, ఎక్కువగా 1.5కే అనుమతి ఉంటుంది. ఆ కార్డు తప్పక తీసుకెళ్లాలి. గుండెలో వేసిన స్టెంట్లతో సాధారణంగా ఇబ్బంది ఉండదు.

సెంటర్‌ను ఎంచుకునేటప్పుడు టెస్లా సంఖ్య కంటే ఈ ప్రశ్నలు అడగడం లాభం: ప్రోస్టేట్ స్కాన్‌లు వారానికి ఎన్ని తీస్తారు? టీ2 ముక్కల మందం 3 మిల్లీమీటర్లకు మించకుండా, మధ్యలో ఖాళీ లేకుండా తీస్తారా? డిఫ్యూజన్‌లో బీ విలువ 1400 లేదా అంతకు మించి ఉంటుందా? రిపోర్టు పైరాడ్స్ పద్ధతిలో రాస్తారా? పొత్తికడుపు మొత్తానికి చేసే మామూలు ‘ఎంఆర్‌ఐ పెల్విస్’ దీనికి బదులు కాదు. అందులో 5 మిల్లీమీటర్ల మందపు ముక్కలు తీసి పంపించేస్తే, చిన్న గడ్డ రెండు ముక్కల మధ్య జారిపోతుంది.

ప్లానింగ్ స్కాన్‌కు ఏం తేడా

ఊళ్లో మంచి నిర్ధారణ స్కాన్ అయిపోయాక, రేడియేషన్ ఆసుపత్రివాళ్లు మళ్లీ ఎంఆర్‌ఐ అంటే దోచుకుంటున్నారేమో అన్న అనుమానం సహజం. చాలాసార్లు ఆ అనుమానం న్యాయమైనది కాదు. పాత స్కాన్ గీత గీయడానికి ఎందుకు సరిపోదో చూడండి.

నిర్ధారణ స్కాన్‌లో మెత్తటి, లోపలికి వంగిన బల్ల మీద పడుకోబెడతారు. రేడియేషన్ బల్ల చదునుగా, గట్టిగా ఉంటుంది. వంగిన బల్ల మీద నడుం తిరిగే తీరు వేరు. పైగా నిర్ధారణలో టీ2 ముక్కలను గ్రంథి వాలుకు తగ్గట్టు ఏటవాలుగా కోస్తారు, జబ్బు చూడటానికి అది బాగుంటుంది. సీటీ ముక్కలు నేరుగా అడ్డంగా ఉంటాయి. ఏటవాలు బొమ్మను అడ్డం బొమ్మ మీద కూర్చోబెట్టడంలో కింది కొస దగ్గర కొన్ని మిల్లీమీటర్లు తప్పుతాయి. కిరణాల గీత చుట్టూ వదిలే అంచే 5 నుంచి 7 మిల్లీమీటర్లు, వెనకవైపు ఇంకా తక్కువ. అందులో మూడు మిల్లీమీటర్ల తప్పు చిన్న తప్పు కాదు.

మంచి ప్లానింగ్ ఎంఆర్‌ఐ చదునైన బల్ల మీద, సీటీలో వాడిన మోకాళ్ల దిండుతోనే, కుదిరితే సీటీ అయిన గంటలోపు జరగాలి. ముక్కలు నేరుగా అడ్డంగా, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మందంలో ఉండాలి. బొమ్మ వంకరలు సరిచేసే ఏర్పాటు మిషన్‌లో ఆన్ చేసి ఉండాలి. డిఫ్యూజన్ బొమ్మ సాగిపోయి వస్తుంది కాబట్టి గీత దాని మీద గీయరు. గడ్డ ఎక్కడుందో దానిలో చూసి, టీ2 మీద గీస్తారు.

రెండు బొమ్మలను కలిపేటప్పుడు తప్పు ఎక్కువగా జరిగేది ఎముకలకు ఎముకలు కలిపి ఊరుకోవడం వల్ల. ప్రోస్టేట్ ఎముకలకు అతుక్కుని ఉండదు. పురీషనాళంలో గాలి చేరితే ముందుకు జరుగుతుంది, మూత్రాశయం నిండితే ఒదుగుతుంది. కాబట్టి గ్రంథికి గ్రంథిని కలపాలి. కొన్నిచోట్ల ముందే గ్రంథిలో మూడు బంగారు గింజలు పెడతారు, వాటిని ఆధారం చేసుకుని కలపడం ఇంకా నమ్మకం. గింజలు పెట్టాక వాపు తగ్గడానికి ఓ వారం ఆగి స్కాన్ చేస్తారు. మామూలు టీ2 బొమ్మలో గింజలు సరిగా కనపడవు. వాటి కోసం గ్రేడియంట్ ఎకో అనే బొమ్మ అదనంగా తీయాలి, అందులో నల్ల చుక్కల్లా పడతాయి. గ్రంథిలో పాత సున్నపు మచ్చలున్నా అలాగే కనిపిస్తాయి కాబట్టి సీటీతో సరిపోల్చాల్సిందే. పురీషనాళాన్ని దూరం జరపడానికి జెల్ పెట్టించుకున్నవాళ్లకు ప్లానింగ్ ఎంఆర్‌ఐ మరీ అవసరం. ఆ జెల్ సీటీలో సరిగా తేలదు, టీ2లో తెల్లగా స్పష్టంగా కనిపిస్తుంది.

రెండో స్కాన్ ఎవరికి తప్పనిసరి, ఎవరికి కాదు? అయిదు విడతల్లో ముగించే వైద్యం ఎంచుకున్నవాళ్లు, గడ్డకు ప్రత్యేకంగా మోతాదు పెంచబోతున్నవాళ్లు, జెల్ పెట్టించుకున్నవాళ్లు, గ్రంథి సీటీలో అసలు తేలనివాళ్లు తప్పక తీయించుకోవాలి. ఇరవై విడతల మామూలు పద్ధతిలో వెళ్తూ, నెల లోపల తీసిన మంచి నిర్ధారణ స్కాన్ చేతిలో ఉంటే, దాన్నే జాగ్రత్తగా కలిపి వాడుకోవచ్చా అని అడగండి. చాలాసార్లు కుదురుతుంది. ఇక రెండు స్కాన్‌ల మధ్య మూడు నెలల హార్మోన్ వైద్యం నడిస్తే గ్రంథి పరిమాణమే మారిపోతుంది కాబట్టి కొత్త స్కాన్ మీద గ్రంథిని గీసి, పాత స్కాన్ చూసి గడ్డ చోటు గుర్తుపెట్టడమే సరైన దారి.

పెట్ స్కాన్ దీనికి బదులా?

కాదు, రెండూ వేరు. పీఎస్ఎంఏ పెట్ స్కాన్ ఒళ్లంతా వెతికి జబ్బు ఎక్కడికైనా పాకిందా అని చెబుతుంది. 302 మందితో జరిగి 2020లో వెలువడిన ప్రోపీఎస్ఎంఏ అధ్యయనంలో అది 92 శాతం కచ్చితంగా చెబితే, సీటీ, ఎముకల స్కాన్ కలిపి 65 శాతమే చెప్పగలిగాయి. పీఎస్ఏ 20 దాటినా, గ్లీసన్ 8 లేదా అంతకు మించినా, ఎంఆర్‌ఐలో జబ్బు పొర దాటినట్టు కనిపించినా దానికి పెట్టిన డబ్బు వృథా కాదు. ఎముకల్లో నాలుగైదు చోట్ల కనిపిస్తే కరెంటు పెట్టే లెక్కే మారిపోతుంది. పీఎస్ఏ 10 లోపు, గ్లీసన్ 6 ఉన్నవాళ్లకు పెట్ అక్కర్లేదు. వాళ్లు అడగాల్సింది వేరే ప్రశ్న: ఎంఆర్‌ఐలో పెద్ద గడ్డ ఏమీ లేకపోతే కరెంటు కూడా పెట్టకుండా పీఎస్ఏ చూసుకుంటూ గమనించవచ్చా అని.

గ్రంథి అంచు, కింది కొస గీయడానికి పెట్ బొమ్మ సరిపోయేంత సూక్ష్మంగా ఉండదు. అందుకే పెట్ తీసినా ఎంఆర్‌ఐ మిగిలే ఉంటుంది.

ముందురోజు, ఆ రోజు

డిఫ్యూజన్ బొమ్మకు పెద్ద శత్రువు పురీషనాళంలో గాలి. గాలి, కండరం పక్కపక్కన ఉన్నచోట బొమ్మ సాగిపోతుంది. ప్రోస్టేట్ వెనక అంచు, అంటే జబ్బు ఎక్కువగా పుట్టే చోటు, సరిగ్గా అక్కడే ఉంది. కాబట్టి ముందురోజు పప్పు, శనగలు, పెసరట్టు, దుంపలు, పనసపొట్టు కూర, సోడా మానండి. రాత్రి తేలికగా మజ్జిగన్నం చాలు. పొద్దున్న విరేచనం అయ్యేలా చూసుకోవాలి, మలబద్ధకం ఉంటే చిన్న ఎనిమా ఎప్పుడు వాడాలో సెంటర్లో అడగండి. పేగు కదలిక ఆపడానికి బస్కోపాన్ 20 మిల్లీగ్రాములు ఇంజెక్షన్ ఇస్తారు కొన్నిచోట్ల. కంట్లో నీటికాసులు, గుండె దడ, మూత్రం బిగుసుకుపోవడం ఉన్నవాళ్లు అది ఇవ్వకముందే చెప్పాలి.

ఒంటి మీద లోహం సంగతి మనవైపు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వాచీ, ఉంగరం, రాగి కడియం అందరూ తీస్తారు. మొలతాడు మాత్రం మర్చిపోతారు, లేదా తీయకూడదని ఊరుకుంటారు. వెండి మొలతాడు, దానికి కట్టిన తాయెత్తు, తాళంచెవి సరిగ్గా స్కాన్ తీసే చోటే ఉంటాయి. తాయెత్తు గొట్టంలో ఇనుము ఉంటే బొమ్మలో నల్లటి రంధ్రం పడి ప్రోస్టేట్ సగం కనపడకుండా పోతుంది. లోహం వేడెక్కి చర్మం కాలవచ్చు కూడా. నమ్మకం ఉన్నవాళ్లు ఆ గంటసేపు నూలు దారం కట్టుకుని లోపలికి వెళ్లవచ్చు, అందులో లోహపు పూస లేకుండా చూసుకోవాలి. తాళ్లరేవు వైపు పడవలకు వెల్డింగ్ చేసేవాళ్లు, చెరువుల ఏరేటర్లు బాగుచేసేవాళ్లు, లేత్ పనివాళ్లు కంట్లో ఇనుప రజను ఎప్పుడైనా పడిందేమో తప్పక చెప్పాలి. అనుమానం ఉంటే ముందు కంటికి ఎక్స్‌రే తీస్తారు. లోపలున్న ఇనుప రవ్వ అయస్కాంతానికి కదిలితే చూపుకే ప్రమాదం.

ప్లానింగ్ స్కాన్ రోజు మూత్రాశయం సంగతి కూడా చూసుకోవాలి. మామూలు పద్ధతి: పూర్తిగా మూత్రానికి వెళ్లి, 350 నుంచి 500 మిల్లీలీటర్ల నీళ్లు తాగి, ముప్పావుగంట ఆగి బల్ల ఎక్కడం. మీ ఆసుపత్రి కొలత ఏదైతే అది, కానీ సీటీకి, ఎంఆర్‌ఐకి, తర్వాత రోజూ పెట్టే కరెంటుకూ ఒకటే ఉండాలి. రాజోలు నుంచో నరసాపురం నుంచో వేసవిలో బస్సెక్కి, దారిలో మూత్రం వస్తుందని నీళ్లు తాగకుండా వచ్చేవాళ్లకు ఈ కొలత పనిచేయదు. ఎండిన ఒంట్లోకి వెళ్లిన అర లీటరు ముప్పావుగంటలో మూత్రాశయానికి చేరదు. ముందురోజు నుంచే బాగా నీళ్లు తాగుతూ, వేళకు గంట ముందే చేరుకోండి.

పురీషనాళం ప్లానింగ్ రోజున ఉబ్బి ఉంటే ఏమవుతుందో 2005లో అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ కేన్సర్ సెంటర్ అధ్యయనం చూపించింది: అలాంటివాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. ఆ రోజు గ్రంథి గాలికి ముందుకు నెట్టుకుపోయింది, గీత అక్కడ గీశారు. తర్వాత వారాల్లో పేగు ఖాళీగా ఉండి గ్రంథి వెనక్కి వచ్చేసింది, కిరణాలు మాత్రం పాత గీత మీదే పడ్డాయి. ఇప్పుడు రోజూ బల్ల మీద బొమ్మ తీసి సరిచేస్తున్నారు కాబట్టి ఆ ముప్పు బాగా తగ్గింది. అయినా సీటీలో గాలి కనిపించి టెక్నీషియన్ “వెళ్లి రండి, మళ్లీ తీద్దాం” అంటే విసుక్కోకండి, అతను మీ మేలు కోరుతున్నాడు.

రిపోర్టు, సీడీ

ఫిల్ములు ఎంత పెద్దవైనా రేడియేషన్ కంప్యూటర్‌కు పనికిరావు. దానికి డైకామ్ ఫైళ్లు, అంటే స్కాన్ మిషన్ ఇచ్చే అసలు కంప్యూటర్ ఫైళ్లు కావాలి. సీడీ లేదా పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని, ఏరిన నాలుగు బొమ్మలు కాక మొత్తం సిరీస్‌లు ఎక్కించారా అని అక్కడే చూపించమనండి. ఫోన్లో వాట్సాప్‌కు పంపిన ఫొటోలతో గీత గీయలేరు. కొన్ని సెంటర్లు కొన్ని నెలలకే పాత డేటా చెరిపేస్తాయి, అందుకే రెండో కాపీ ఇంట్లో ఉంచుకోండి.

రిపోర్టులో గ్రంథి పరిమాణం, గడ్డ ఏ వైపు ఏ భాగంలో ఉంది, ఎన్ని మిల్లీమీటర్లు, పొరను ఎంతమేర ఆనుకుంది, పొర దాటిందా, వీర్యకోశాల్లోకి వెళ్లిందా, లింఫ్ గ్రంథులు, కటి ఎముకలు ఎలా ఉన్నాయి అన్నవి ఉండాలి. వీర్యకోశాల మాట ముఖ్యం. అక్కడికి పాకితే కిరణాలు పడే మేర పెరుగుతుంది, హార్మోన్ వైద్యం నెలల నుంచి రెండు మూడేళ్ల దాకా సాగవచ్చు. ‘పొర దాటింది’ అని ఎంఆర్‌ఐ చెబితే చాలావరకు నిజమే. ‘దాటలేదు’ అన్నమాట మీద అంత భరోసా పెట్టకూడదు, సూక్ష్మంగా దాటినదాన్ని అది పట్టలేదు. లింఫ్ గ్రంథులూ అంతే, ఉబ్బనివి తప్పిపోతాయి.

ఎక్కడ తీయించాలి, ఎలా వెళ్లాలి

నిర్ధారణ స్కాన్ మీకు దగ్గరలోని మంచి సెంటర్లో. ప్లానింగ్ స్కాన్ కరెంటు పెట్టేచోట. కరెంటు కోసం రాజమహేంద్రవరం, విజయవాడ, విశాఖలలో ఎక్కడికి వెళ్లాలన్నది ఇరవై పని దినాల రాకపోకలు లెక్కేసి తేల్చుకోండి. 20 విడతల్లో 60 గ్రే ఇచ్చే పద్ధతి నాలుగు వారాలు. 5 విడతల్లో 36.25 గ్రే ఇచ్చే పద్ధతి ఒకటి రెండు వారాల్లో అయిపోతుంది, గది అద్దె మిగులుతుంది. తక్కువ, మధ్యస్థ తీవ్రత ఉన్నవాళ్లలో అది మామూలు పద్ధతికి తీసిపోదని పేస్-బి అధ్యయనం తేల్చింది. కానీ విడతకు మోతాదు ఎక్కువ కాబట్టి గీతలో తప్పుకు చోటు తక్కువ. అయిదు విడతలు అనుకుంటే ప్లానింగ్ ఎంఆర్‌ఐలో రాజీ పడకండి. అది తీయలేని చోట ఇరవై విడతలే నయం. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ బాబా కేన్సర్ ఆసుపత్రి ఉంది, కాకినాడ, తుని వైపువాళ్లకు రైలు సౌకర్యం కూడా ఉంది.

ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద వెళ్తుంటే బయట స్కాన్‌కు డబ్బు కట్టకముందే ఆసుపత్రిలోని సేవా డెస్క్‌లో అడగండి. ప్లానింగ్ స్కాన్ ప్యాకేజీలో కలిసే ఉందా, బయట తీసిన స్కాన్ అనుమతికి పనికొస్తుందా అన్నది కాగితం మీద చెప్పించుకోండి.

స్కాన్, కరెంటు రెండూ ఒకే మిషన్‌లో జరిగే ఎంఆర్-లినాక్ గురించి కూడా అడుగుతుంటారు. 2023లో వెలువడిన మిరాజ్ అధ్యయనంలో దానితో మూత్ర సంబంధమైన తొలి ఇబ్బందులు 43 శాతం నుంచి 24 శాతానికి తగ్గాయి, అంచు 4 మిల్లీమీటర్ల నుంచి 2కి తగ్గించగలగడం వల్ల. మన దేశంలో అది ఇంకా అరుదు. దాని కోసం నెలలు వెయిట్ చేయడం కంటే, రోజూ బల్ల మీద సీటీ చూసి సరిచేసే మామూలు లినాక్, అంటే కరెంటు పెట్టే మామూలు మిషన్ మీద సమయానికి మొదలుపెట్టడం మేలు.

ఎంఆర్‌ఐ అసలు కుదరనివాళ్లు ఉంటారు: పాత రకం పేస్‌మేకర్, కంట్లో ఇనుము, మూసిన గొట్టంలో అసలు పడుకోలేనంత భయం. భయానికి ముందుగా చెప్పి చిన్న మోతాదు మత్తుమాత్ర అడగవచ్చు, కాళ్లు ముందుగా లోపలికి వెళ్లే పడక పెట్టమనవచ్చు. మిగతావాళ్లకు సీటీ తీసేటప్పుడే మూత్రనాళంలోకి కొద్దిగా రంగు మందు పంపితే గ్రంథి కింది కొస ఎక్కడో తెలుస్తుంది, గీత కాస్త వెడల్పుగా గీసి మామూలు విడతల్లో పెడతారు. పాత రోజుల్లో అందరికీ అలాగే చేసేవారు. జబ్బు అదుపులోకి వచ్చేది, ఎంఆర్‌ఐ లేదని వైద్యం మానుకోవాల్సిన పని లేదు.